మంచి కొలెస్ట్రాల్: లెక్క తేలేది కాలేయంలోనే

2006 నవంబరు 30న ఫైజర్ కంపెనీ అధిపతి జెఫ్ కిండ్లర్ మదుపరుల ముందు ఒక మందును ఆకాశానికెత్తారు. పేరు టోర్సెట్రాపిబ్. దాని తయారీ మీద కంపెనీ అప్పటికే దాదాపు 80 కోట్ల డాలర్లు పోసింది. రెండు రోజులు తిరిగేసరికి, డిసెంబరు 2న, అదే కంపెనీ ఆ మందు ప్రయోగాలన్నిటినీ ఉన్నపళంగా ఆపేసింది. మందు తనకు అప్పగించిన పనిని చక్కగానే చేసింది. రోగుల రక్తంలో ‘మంచి కొలెస్ట్రాల్’ హెచ్‌డీఎల్‌ను 72 శాతం పెంచింది, ‘చెడ్డ కొలెస్ట్రాల్’ ఎల్‌డీఎల్‌ను 25 శాతం దించింది. అయినా 15 వేల మందితో సాగిన ఆ పరీక్షలో ఈ మందు వాడినవాళ్లలో 93 మంది చనిపోతే, వాడనివాళ్లలో చనిపోయింది 59 మంది. రిపోర్టు బాగుపడింది, మనుషులు పోయారు. ఆ మందు రక్తపోటును పెంచేదని, అడ్రినల్ గ్రంథిని కెలికేదని తర్వాత తేలింది. అంతమాత్రాన కథ ముగిసిపోలేదు. ఆ వంక పెట్టడానికి వీల్లేని మందులు తర్వాత వరసగా వచ్చాయి, వరసగా విఫలమయ్యాయి. వాటన్నిటి వెనకా ఒకే పొరపాటు ఉంది. రక్తంలో హెచ్‌డీఎల్ ఎంత ఉందో కొలిచి అదే రక్షణ అనుకోవడం. ధమనుల్ని కాపాడే పని జరిగేది రక్తంలో కాదు, కాలేయంలో. అక్కడ ఏం జరుగుతోందో రిపోర్టులోని ఆ ఒక్క అంకె చెప్పదు. ఒక్కోసారి తలకిందులుగా చెబుతుంది.

హెచ్‌డీఎల్‌కు మంచిపేరు ఊరికే రాలేదు, అది ఒప్పుకోవాలి. 1950ల్లో బర్కిలీలో జాన్ గోఫ్‌మన్ బృందం రక్తరసాన్ని అతివేగంగా తిరిగే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అందులోని కొవ్వు రేణువుల్ని సాంద్రతను బట్టి విడదీసింది. మసాచుసెట్స్‌లోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948 నుంచి సాగుతున్న అధ్యయనం 1977లో ఒక ఫలితం వెల్లడించింది: హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్లకు గుండెజబ్బు ఎక్కువ. 1989లో నాలుగు పెద్ద అమెరికన్ అధ్యయనాలను కలిపి చూస్తే, హెచ్‌డీఎల్ డెసిలీటరుకు ఒక మిల్లీగ్రాము పెరిగితే గుండెజబ్బు ముప్పు 2 నుంచి 3 శాతం తగ్గుతోందని లెక్క తేలింది. దీనికి కారణం చెప్పే సిద్ధాంతం కూడా అప్పటికే సిద్ధంగా ఉంది. జాన్ గ్లామ్‌సెట్ 1968లోనే చెప్పాడు: ఒంట్లోని కణాల నుంచి మిగులు కొలెస్ట్రాల్‌ను హెచ్‌డీఎల్ ఎత్తుకుని తిరిగి కాలేయానికి చేరుస్తుందని. లెక్కా కుదిరింది, కారణమూ కుదిరింది. ఇక హెచ్‌డీఎల్‌ను పెంచితే చాలనుకోవడం సహజమే. ఈ తర్కంలో లోపం ఎక్కడుందో తెలియాలంటే ఆ ప్రయాణం చివరి మజిలీ దాకా వెళ్లి చూడాలి.

కొలెస్ట్రాల్‌ను తయారు చేసుకోవడం ఒంట్లో దాదాపు ప్రతి కణానికీ చేతనవును. దాన్ని విరగ్గొట్టడం ఏ కణానికీ రాదు. నాలుగు వలయాలు అతుక్కున్న ఆ అణువును తెంచే ఎంజైమ్ మనిషి ఒంట్లో లేదు. పిండిపదార్థాన్నీ కొవ్వునూ కాల్చి శక్తిగా వాడుకోవచ్చుగానీ కొలెస్ట్రాల్‌ను కాల్చలేం. కొంచెం హార్మోన్లకు పోతుంది, కొంచెం చర్మంతో రాలిపోతుంది. పెద్ద ఎత్తున బయటికి పోవాలంటే కాలేయమే దిక్కు. అక్కడ దానికి రెండు దారులు. ఉన్నది ఉన్నట్టుగా పైత్యరసంలో కలిసిపోవడం ఒకటి. పైత్యపు ఆమ్లాలుగా మారి పోవడం రెండోది. ఈ రెండో దారిన కాలేయం రోజుకు సుమారు అర గ్రాము కొలెస్ట్రాల్‌ను మార్చేస్తుంది. పేగుల్లోకి వెళ్లిన పైత్యపు ఆమ్లాల్లో 95 శాతం చిన్నపేగు చివరి భాగంలో పీల్చుకోబడి మళ్లీ కాలేయానికే చేరతాయి. మిగిలిన కొద్దిపాటి మలంతో పోతుంది. ఆ నష్టాన్ని పూడ్చడానికి కాలేయం మళ్లీ కొలెస్ట్రాల్‌నే ఖర్చుపెట్టాలి. ఇసబ్‌గోల్, ఓట్స్ లాంటి జిగురు పీచు కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుందనడంలోని కిటుకు ఇదే. అది పైత్యపు ఆమ్లాల్ని పట్టుకుని బయటికి ఈడ్చుకుపోతుంది.

హెచ్‌డీఎల్ పుట్టుక కూడా కాలేయంలోనే మొదలవుతుంది. దాని ప్రధాన ప్రొటీన్ ఏపో ఏ-1ను ఎక్కువగా తయారుచేసేది కాలేయం, తర్వాత చిన్నపేగు. ఆ ప్రొటీన్ రక్తంలోకి రాగానే ఏబీసీఏ1 అనే పంపు దానికి కొవ్వు అందిస్తుంది. ఖాళీగా బయల్దేరిన రేణువు దారిలో కణాల నుంచి, ధమని గోడలో కొవ్వు మింగి ఉబ్బిన మాక్రోఫేజ్‌ల నుంచి కూడా కొలెస్ట్రాల్ ఎక్కించుకుంటుంది. ఎల్‌క్యాట్ అనే ఎంజైమ్ ఆ సరుకును రేణువు నడిబొడ్డుకు నెడుతుంది. అక్కణ్నుంచి మనుషుల్లో రెండు మార్గాలున్నాయి. సీఈటీపీ అనే ప్రొటీన్ ఆ కొలెస్ట్రాల్‌లో పెద్ద వాటాను ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ రేణువుల మీదికి మార్చేస్తుంది. వాటిని కాలేయం ఎల్‌డీఎల్ రిసెప్టార్లతో లోపలికి లాక్కుంటుంది. మిగిలింది హెచ్‌డీఎల్ స్వయంగా కాలేయ కణం దగ్గరికి తెచ్చి, ఎస్‌ఆర్‌-బీ1 అనే రిసెప్టార్‌కు అప్పగిస్తుంది. ఈ అప్పగింత చూడముచ్చటైనది. ఎల్‌డీఎల్ వస్తే కాలేయ కణం రేణువును మొత్తంగా మింగి జీర్ణం చేసేస్తుంది. హెచ్‌డీఎల్‌ను అలా మింగదు. గుమ్మం దగ్గరే నిలబెట్టి లోపలి కొలెస్ట్రాల్‌ను మాత్రం దించుకుని, ఒళ్లు చిక్కిన రేణువును మళ్లీ రక్తంలోకి వదిలేస్తుంది. దించుకున్న సరుకు కణం ఆ చివరకు, పైత్యనాళం వైపు గోడకు చేరితే, అక్కడ ఏబీసీజీ5, ఏబీసీజీ8 అనే జంట పంపులు దాన్ని పైత్యరసంలోకి తోసేస్తాయి. ఒక మిల్లీమీటరులో లక్షోవంతు ఉండే రేణువుతో ఇంత తతంగం.

1996లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మాంటీ క్రీగర్ బృందం ఎస్‌ఆర్‌-బీ1ను హెచ్‌డీఎల్ రిసెప్టార్‌గా గుర్తించాక అసలు పరీక్ష మొదలైంది. ఎలుకల్లో ఆ జన్యువును తీసేస్తే రక్తంలో కొలెస్ట్రాల్ పెరిగి, హెచ్‌డీఎల్ రేణువులు సరుకుతో ఉబ్బిపోయాయి. పైత్యరసంలోకి వెళ్లే కొలెస్ట్రాల్ తగ్గింది. ధమనుల్లో పూడిక పెరిగింది. ఏపో-ఈ అనే మరో జన్యువు కూడా లేని ఎలుకలైతే గుండె ధమనులు మూసుకుపోయి రెండు నెలల లోపే చచ్చిపోయాయి. ఇంకో బృందం ఎలుకల కాలేయంలో ఆ రిసెప్టార్‌ను మామూలు కంటే ఎక్కువగా తయారయ్యేలా చేసింది. రక్తంలో హెచ్‌డీఎల్ దాదాపు మాయమైపోయింది, పైత్యంలో కొలెస్ట్రాల్ పెరిగింది. ఆ తరహా ఎలుకల్లో పూడిక తగ్గింది. అంటే అంకె పెరిగినచోట జబ్బు, అంకె పడిపోయినచోట రక్షణ. ఊళ్లో చెత్త ట్రాక్టర్లను తలుచుకుంటే ఇది అర్థమవుతుంది. డంపింగ్ యార్డు గేటు మూసేస్తే నిండు ట్రాక్టర్లన్నీ రోడ్ల మీదే నిలిచిపోతాయి. అప్పుడు రోడ్డు మీద ట్రాక్టర్లను లెక్కపెట్టిన అధికారి, పారిశుద్ధ్యం భేషుగ్గా ఉందని రాసుకుపోతాడు.

ఎలుకలు మనుషులు కావన్నది న్యాయమైన అభ్యంతరం. పైగా ఇక్కడ ఆ తేడా చిన్నదేమీ కాదు. ఎలుకల్లో సీఈటీపీ లేదు. వాటి రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువగా తిరిగేది హెచ్‌డీఎల్‌లోనే. మనుషుల్లో కాలేయానికి రెండో మార్గం ఉన్నప్పుడు ఎస్‌ఆర్‌-బీ1 ఒక్కటి చెడితే ఏమవుతుందిలే అని చాలామంది నిపుణులే అనుకున్నారు. 2016లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డేనియల్ రేడర్ బృందం దానికి జవాబిచ్చింది. హెచ్‌డీఎల్ చాలా ఎక్కువున్నవాళ్ల జన్యువులు వెతుకుతుంటే, 150 దాటిన ఒక మహిళలో ఎస్‌ఆర్‌-బీ1 రెండు ప్రతులూ చెడి ఉన్నాయి. ఆమె కణాల నుంచి ప్రయోగశాలలో పెంచిన కాలేయ కణాలు హెచ్‌డీఎల్ సరుకును సరిగా దించుకోలేకపోయాయి. ఒక్క ప్రతి చెడినవాళ్లను పెద్ద సంఖ్యలో పోల్చి చూస్తే వాళ్లకు హెచ్‌డీఎల్ ఎక్కువ, గుండె ధమనుల జబ్బు ముప్పు కూడా ఇతరులకంటే సుమారు 80 శాతం ఎక్కువ. ఇలాంటివాళ్లు అరుదే. కానీ లిపిడ్ ప్రొఫైల్ కాగితం చూసి సంబరపడాల్సినవాళ్లు నిజానికి భయపడాల్సినవాళ్లు కావచ్చని తేలిపోయింది.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. ఇటలీలో గార్డా సరస్సు ఒడ్డున లిమోనె అనే చిన్న ఊళ్లో ఒక కుటుంబ పరంపరకు హెచ్‌డీఎల్ చాలా తక్కువ. మిలాన్ శాస్త్రవేత్త చెజారె సిర్తోరి బృందం 1980లో దాన్ని వివరించింది. ఏపో ఏ-1లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిందట. ఆ అంకెలకు వాళ్లు గుండెజబ్బులతో పడిపోవాలి, పడిపోలేదు. అమెరికాలో చెసపీక్ అఖాతంలోని టాంజియర్ దీవిలో 1960 ప్రాంతంలో డొనాల్డ్ ఫ్రెడ్రిక్సన్ చూసిన పిల్లల సంగతి ఇంకా విచిత్రం. వాళ్ల టాన్సిళ్లు నారింజ రంగులో ఉన్నాయి. కణాల నుంచి కొలెస్ట్రాల్ బయటికి రాక అక్కడే పేరుకుపోయింది. రక్తంలో హెచ్‌డీఎల్ దాదాపు సున్నా. ఏబీసీఏ1 జన్యువు చెడడమే కారణమని 1999లో బయటపడింది. ఆ జబ్బున్నవాళ్లలో గుండెపోటు ముప్పు కొంత పెరుగుతుందిగానీ, సున్నా అనే అంకె భయపెట్టినంతగా పెరగదు. వాళ్లలో ఎల్‌డీఎల్ కూడా తక్కువే ఉండటం ఒక కారణం. అరుదైన కుటుంబాలను చూసి సిద్ధాంతాలు కట్టకూడదంటారా, ఒప్పుకుందాం. 2012లో లక్ష మందికి పైగా జన్యువులు పరిశీలించిన అధ్యయనం ‘లాన్సెట్’లో వచ్చింది. పుట్టుకతోనే ఒక జన్యుమార్పు వల్ల హెచ్‌డీఎల్ కొంచెం ఎక్కువగా ఉన్నవాళ్లకు గుండెపోటు ముప్పు 13 శాతం తగ్గి ఉండాలని పాత లెక్క. ఏమాత్రం తగ్గలేదు.

మందుల సంగతీ అంతే. రక్తపోటును పెద్దగా కదిలించని డాల్‌సెట్రాపిబ్ 2012లో, హెచ్‌డీఎల్‌ను రెట్టింపు దాటించిన ఎవాసెట్రాపిబ్ 2015లో చేతులెత్తేశాయి. హెచ్‌డీఎల్ పెంచుతుందని దశాబ్దాలు రాసిన నయాసిన్, 25 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్షలో 2014లో ఓడిపోయింది. 2017లో అనాసెట్రాపిబ్ ఒక్కటి గుండె సమస్యల్ని 9 శాతం తగ్గించింది. ఆ తగ్గుదలకు హెచ్‌డీఎల్ పెరగడంతో పనిలేదు, చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గినంతకే అది సరిపోతుంది. ఇప్పుడు కాలేయం చేత కొలెస్ట్రాల్‌ను బయటికి తోయించిన చికిత్సల్ని వీటి పక్కన పెట్టి చూడండి. పైత్యపు ఆమ్లాల్ని పేగుల్లో పట్టేసే కొలెస్టిరమిన్ పొడి 1984లో 3,806 మంది మగవాళ్లతో చేసిన పరీక్షలో గుండెపోట్లనూ గుండెజబ్బు చావుల్నీ 19 శాతం తగ్గించింది. చిన్నపేగు చివరి భాగాన్ని పక్కదారి పట్టించే శస్త్రచికిత్స 1990లో వాటిని 35 శాతం తగ్గించింది. రెండింటిలోనూ జరిగింది ఒకటే. పైత్యపు ఆమ్లాలు తిరిగి రాక కాలేయానికి కొలెస్ట్రాల్ కరవైంది, అది తన ఒంటినిండా ఎల్‌డీఎల్ రిసెప్టార్లు మొలిపించి రక్తంలోంచి లాక్కుంది. ఆ రిసెప్టార్‌ను కనిపెట్టినందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. స్టాటిన్లు చేసేదీ ఇదే, వేరే దారిలో. పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ ఆ రిసెప్టార్లను నాశనం చేస్తుంది. దాని జన్యువు ఒక ప్రతి పుట్టుకతోనే చెడిన నల్లజాతి అమెరికన్లలో ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండె ధమనుల జబ్బు 88 శాతం తక్కువ అని 2006లో డల్లస్ పరిశోధకులు చూపారు. రక్తంలోని హెచ్‌డీఎల్‌ను పెంచిన దారులన్నీ మూసుకుపోయాయి. కాలేయం గుమ్మం తెరిచిన దారులు ఫలించాయి.

మరి ఫ్రామింగ్‌హామ్ అబద్ధమాడిందా? లేదు. హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్లకు గుండెజబ్బు ఎక్కువన్నది ఈరోజుకీ నిజం. మనం దానికి కట్టిన అర్థమే తప్పు. హెచ్‌డీఎల్ తగ్గడం చాలామందిలో జబ్బుకు కారణం కాదు, కాలేయం ఇబ్బందుల్లో ఉందన్న కబురు. అవసరానికి మించి అన్నం, తీపి, నూనె వంటకాలు తింటూ ఒళ్లు కదల్చకపోతే, ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం మానేస్తుంది, కాలేయంలో కొవ్వు చేరుతుంది. ఆ కొవ్వును వదిలించుకోవడానికి కాలేయం ట్రైగ్లిజరైడ్లు నింపిన వీఎల్‌డీఎల్ రేణువుల్ని గుంపులు గుంపులుగా రక్తంలోకి పంపుతుంది. సీఈటీపీ వాటి ట్రైగ్లిజరైడ్లను హెచ్‌డీఎల్‌కు అంటగట్టి బదులుగా కొలెస్ట్రాల్ తీసుకుంటుంది. అలా పాడైన హెచ్‌డీఎల్‌ను కాలేయపు లైపేజ్ చెక్కేస్తుంది, విడిపోయిన ఏపో ఏ-1 మూత్రపిండాల దారిన పోతుంది. రిపోర్టులో హెచ్‌డీఎల్ 34 అని పడుతుంది. ఈ గొలుసులో ధమనిని దెబ్బతీస్తున్నవి వీఎల్‌డీఎల్ శేషాలూ చిన్నగా మారిన ఎల్‌డీఎల్ రేణువులూ. హెచ్‌డీఎల్ సాక్షి మాత్రమే. సాక్షిని బాగుచేసినంత మాత్రాన నేరం ఆగదు.

భారతీయుల సమస్య సరిగ్గా ఇదే. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం తమిళనాడు, మహారాష్ట్ర, ఝార్ఖండ్, చండీగఢ్ ప్రజల రక్తం పరీక్షించి 2014లో వెల్లడించిన ప్రకారం, ఎల్‌డీఎల్ ఎక్కువున్నవాళ్లు 12 శాతం లోపు, హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్లు 72 శాతం. ఆంధ్ర గ్రామాలు అందులో లేకపోయినా, గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో మరణాలను లెక్కించి 2006లో ప్రచురించిన మరో అధ్యయనంలో దాదాపు మూడోవంతు చావులు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. పల్లె మనిషికి గుండెపోటు రాదన్న నమ్మకానికి అక్కడితో కాలం చెల్లింది. ఇన్ని కోట్లమందికి హెచ్‌డీఎల్ తక్కువుంటే, దాన్ని పెంచే మాత్ర కోసం వెతకడం దండగ. వెతకాల్సింది కాలేయంలో కొవ్వు కోసం.

మందుబాబులకు ఇష్టమైన వాదన ఒకటుంది: రోజూ కాస్త పుచ్చుకుంటే మంచి కొలెస్ట్రాల్ పెరుగుతుందట కదా. పెరుగుతుంది, నిజమే. పైన చెప్పుకున్నదంతా విన్నాక ఆ పెరుగుదలకు విలువెంతో వేరే చెప్పక్కర్లేదు. కాలేయాన్ని పాడుచేస్తూ అంకెను పెంచే పదార్థం అది. డెన్మార్క్‌లో లక్ష మందికి పైగా జనాన్ని గమనించిన కోపెన్‌హేగన్ పరిశోధకులు 2017లో చూపింది కూడా ఇదే కోవది. హెచ్‌డీఎల్ 116 దాటిన మగవాళ్లలో మరణాలు మామూలు స్థాయిలో ఉన్నవాళ్ల కంటే రెట్టింపు. ఎక్కువైతే ఇంకా మంచిదన్న సూత్రం ఇక్కడ చెల్లదు.

అంకె వద్దంటే, హెచ్‌డీఎల్ పనితనాన్ని కొలుద్దామన్నది పరిశోధకుల తర్వాతి ఆలోచన. నా వాదనకు ఇది గట్టి అభ్యంతరమే. ధమని గోడలోని మాక్రోఫేజ్‌ల నుంచి వచ్చే కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ మోసే మొత్తంలో ఆవగింజంత. అందుకే మొత్తాన్ని కొలిస్తే దాని జాడ తెలియదు. కణాల్లోంచి కొలెస్ట్రాల్‌ను ఎంత లాగగలదో ప్రయోగశాలలో విడిగా కొలిస్తే, ఆ శక్తి ఎక్కువున్నవాళ్లకు గుండెజబ్బు తక్కువని డల్లస్ అధ్యయనం 2014లో కనిపెట్టింది. దీంతో శుద్ధి చేసిన ఏపో ఏ-1నే సెలైన్‌లా ఎక్కించి చూద్దామనుకున్నారు. గుండెపోటు వచ్చిన 18 వేల మందికి పైగా రోగులతో చేసిన ఆ పరీక్ష ఫలితం 2024లో వచ్చింది. తొంభై రోజుల్లో గుండెపోటు, పక్షవాతం, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎక్కించుకునే శక్తి పెంచారు సరే. దించుకునేచోట ఏం మారిందో ఆ ఫలితం చెప్పదు. ఈ వైఫల్యానికి అదే కారణమని నిరూపణ కాలేదుగానీ, నా అనుమానం మాత్రం అటే.

ఇంతా విని లిపిడ్ ప్రొఫైల్‌లో హెచ్‌డీఎల్ వరసను కొట్టేయాల్సిన పనిలేదు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి దాన్ని తీసేస్తే మిగిలేది, వైద్యులు నాన్-హెచ్‌డీఎల్ అనేది, ధమనికి హాని చేసే రేణువులన్నిటి మోత. దాన్ని దించాలి. ట్రైగ్లిజరైడ్లు 150 దాటి, హెచ్‌డీఎల్ మగవాళ్లకు 40 లోపు, ఆడవాళ్లకు 50 లోపు ఉంటే, ఆ రెండు వరసల్నీ కలిపి చదవాలి. ఆ జంట కాలేయంలో కొవ్వు జాడను పట్టిస్తుంది. కడుపు స్కానింగ్‌లో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని రాస్తే చాలామంది దాన్ని మడిచి లోపల పెట్టేస్తారు, గ్యాస్ మాత్ర రాయించుకుని వచ్చేస్తారు. గుండె డాక్టరుకు ఆ కాగితం చూపించాలని తోచదు. కానీ కొవ్వు పట్టిన కాలేయమున్నవాళ్లను ఎక్కువగా చంపేది కాలేయ వైఫల్యం కాదు, గుండెజబ్బే.

చివరి అభ్యంతరం మన ఇళ్లలో రోజూ వినపడేది: కాలేయం బాగుండాలంటున్నారు, మరి స్టాటిన్ మాత్ర కాలేయాన్నే పాడుచేస్తుందట కదా? కొద్దిమందిలో ఎంజైములు కాస్త పెరుగుతాయి, తీవ్రమైన దెబ్బ బహు అరుదు. అందుకే స్టాటిన్ వాడేవాళ్లందరికీ క్రమం తప్పకుండా కాలేయ పరీక్షలు చేయాలన్న నిబంధనను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లోనే ఎత్తేసింది. మాత్ర మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత అనుమానం వస్తే చాలంది. కాలేయంలో కొవ్వున్నవాళ్లకు గుండె కోసం స్టాటిన్ అవసరమైతే, ఆ కొవ్వును సాకుగా చూపి మానేయాల్సిన పనిలేదు. కొవ్వును తీయడానికి మాత్రం టానిక్కుల సీసాలు అక్కరకు రావు. ఒంటి బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు కరగడం మొదలవుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా దిగుతుంది. 80 కిలోల మనిషికి అది సుమారు ఆరు నుంచి ఎనిమిది కిలోలు. హెచ్‌డీఎల్ నాలుగైదు అంకెలు పైకి కదిలినా కదలకపోయినా, ట్రైగ్లిజరైడ్లు దిగాయంటే లోపల పని మొదలైందని అర్థం.